కొడుకు గొంతు, మోసగాడి మాట

గొంతు నకలు అంటే ఒక మనిషి మాటల చిన్న ముక్క నుంచి అతని స్వరపు జీరను, తూగును కృత్రిమ మేధ పట్టుకుని, అతను ఎన్నడూ అనని మాటలను అదే స్వరంతో పలికించడం. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిన వాల్-ఈ అనే వ్యవస్థకు ఇందుకు మూడు సెకన్ల ధ్వని సరిపోయింది.

గల్ఫ్ వలస వేళ్లూనిన హైదరాబాద్ పాతబస్తీలో, యాకుత్‌పురా వంటి పేటల్లో, జెద్దాలోనో దుబాయిలోనో ఉన్న కొడుకు సెలవుకు వచ్చిన రోజుల్లో తప్ప ఏడాది పొడవునా పెద్దలకు గొంతుగానే అందుతాడు కనుక, ఆ గొంతునే శంకించమని వారికి చెప్పడం తేలిక కాదు. వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్న ఎమిరేట్స్ నుంచి వచ్చి కుటుంబ గ్రూపుల్లో పోగుపడే వాయిస్ మెసేజ్‌లు ఒక్క ఫార్వర్డుతో నకలుకు ముడిసరుకు కాగలవు.

2023 నవంబరులో హైదరాబాద్ పత్రికల్లో వచ్చిన ఒక కేసులో, కెనడాలోని బంధువు గొంతుతో, ఇంట్లో మాట్లాడుకునే పంజాబీలోనే రాత్రి పొద్దుపోయాక ఫోన్ వచ్చి, ప్రమాదం జరిగిందని, జైలుకు పంపబోతున్నారని, సంగతి ఎవరికీ చెప్పవద్దని బతిమాలగా, 59 ఏళ్ల మహిళ 1.4 లక్షల రూపాయలు పోగొట్టుకున్నారు. స్వర మార్పిడి అనే పద్ధతిలో మాట, యాస మోసగాడివే ఉండి స్వరం ఒక్కటే మారుతుంది కాబట్టి, దక్కనీ ఉర్దూ వచ్చినవాడు ‘అమ్మీ, కిసీకూ నక్కో బోలో’ (అమ్మా, ఎవరికీ చెప్పొద్దు) అంటే ఆ ‘నక్కో’ కొడుకు నోట వచ్చినట్టే వినిపిస్తుంది.

గొంతులో తేడా పసిగట్టమనే సలహా, స్వరపు సన్నని ఛాయలను వడకట్టేసే ఫోన్ లైను ముందు, అరవై దాటిన చెవి ముందు నిలవదు. ఆనవాలు ఆ ‘నక్కో బోలో’లోనే ఉంది: నిజంగా ఆపదలో పడినవాడు తమ్ముడికో బావకో చెప్పమంటాడే గాని దాచమనడు. అలాంటి కాల్‌ను కట్ చేసి కొడుకు పాత నంబరుకు, అది దొరక్కపోతే అతని గదిలో ఉండే స్నేహితుడికి ఫోన్ చేసే పద్ధతిని సెలవుకు వచ్చిన బిడ్డలే నేర్పి, ఆ రెండు నంబర్లను పెద్ద అంకెలతో రాసి గోడకు అతికించి, మధ్యలో ఫోన్ పెట్టేసినా కోపగించుకోబోమని ముందే మాట ఇవ్వాలి.

కంప్యూటర్ సాధనాలతో మరొకరిలా నటించి మోసం చేసేవారికి ఐటీ చట్టంలోని 66డి సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది గాని, పోయిన సొమ్ము విషయంలో అక్కరకొచ్చేది సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు. పిల్లలు ఏమంటారోనన్న సిగ్గుతో పెద్దలు ఆ ఫోన్ ఆలస్యం చేస్తే, డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోతుంది. ఖాతాలో ఇంకా మిగిలివున్న సొమ్మునే బ్యాంకు నిలిపివేయగలదు.