విత్తనం పసుపులా పంచుకుందాం

లైనక్స్‌ను కాపీ చేసి పంచడం దొంగతనం కాదు, దాని లైసెన్సే ఇచ్చిన హక్కు. 2011లో ఆపేసేదాకా ఉబుంటు వాళ్లు ఉచితంగా పోస్టులో సీడీలు పంపేవారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. అప్పుడు 700 ఎంబీ సీడీ సరిపోయేది. ఇప్పటి ఉబుంటు 24.04 ఇమేజి 4.7 జీబీ డీవీడీలో కూడా పట్టదు, పెన్‌డ్రైవ్ కావాలి.

మా ఆర్మూరు రైతులు విత్తనం పసుపులో కుళ్లిన కొమ్ములు ఏరేస్తారు. ఇమేజికీ అంతే. దించుకున్నాక దాని ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను అసలుదానితో పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పంచకూడదు. చెడ్డ కాపీ ఒకటి పంచితే పదిమందికీ చెడ్డదే చేరుతుంది.

ఉద్యోగాలకు విండోసే కావాలి కదా అంటారు. కొన్నింటికి నిజమే. కానీ టైపింగ్, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి లైనక్స్ చాలు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ పాత కంప్యూటర్లు చాలావాటిపై లైనక్స్ నడుస్తుంది.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలను కోరుతున్నాం. వార్షికోత్సవానికి శాలువాలు, దండలు వద్దు. మీ ఇంట్లో మూలన పడ్డ ఒక కంప్యూటర్, ఒక పెన్‌డ్రైవ్, ఒక ఆదివారం ఇవ్వండి. ఎక్కించడం మేము నేర్చుకుంటాం, తమ్ముళ్లకు నేర్పుతాం.