మన హక్కుకు తాళం ఎవరి చేతిలో ఉంది?



రాజ్యాంగ సంస్కరణ అనగానే అది ఢిల్లీలో పెద్దోళ్ళ ముచ్చట అనుకుంటాం. మన గూడేనికి, మన బీఈడీ సర్టిఫికెట్‌కు, మన పోడు భూమికి దాంతో పనేంది అనుకుంటాం. కానీ అసలు పని మనకే ఉంది. మనకు హక్కులు రాసిచ్చారు గానీ, వాటిని దాచిన పెట్టెకు తాళం వేయలేదు. ఆ తాళం అడగడమే ఇవాళ మనకు కావలసిన రాజ్యాంగ సంస్కరణ.

ఏజెన్సీ నుంచి వచ్చి పాతబస్తీలో గది తీసుకుని చదువుకునే వాళ్ళకు పురానాపూల్ తెలిసే ఉంటుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన. ఇప్పుడు దాని మీద కూరగాయల బేరం నడుస్తుంటది. అక్కడి నుంచి మూసీ వెంబడి నయాపూల్ వైపు పోతే సిటీ కాలేజీ, హైకోర్టు కనిపిస్తాయి. రోజూ బస్సులో దాటిపోయే ఆ హైకోర్టులో మన బతుకుల మీద ఎన్నో కేసులు నడిచాయి. వాటిలో రెండు గుర్తుంచుకోండి.

మొదటిది సమత కేసు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఆదివాసీ భూముల్లో మైనింగ్ లీజుల మీద సమత సంస్థ కేసు వేసింది. ఈ హైకోర్టులో ఓడిపోయింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకు భూమి లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదని కోర్టు తేల్చింది. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు అటు, ఒకరు ఇటు.

రెండోది జీవో 3. 2000 జనవరి 10న వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్నది. హైకోర్టు ఇద్దరు ఒక్కరి తేడాతో సరేనంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది.

అక్కడ ఓడి ఢిల్లీలో గెలిచాం, అక్కడ గెలిచి ఢిల్లీలో ఓడాం. రెండుసార్లూ నిర్ణయం ఒక్క జడ్జి అటో ఇటో మొగ్గడం మీద, లేదా పై కోర్టు చూపు మీద ఆధారపడింది. తరతరాల హక్కు ఇంత సన్నని దారం మీద వేలాడటం న్యాయమేనా?

జీవో 3 ఎందుకు నిలబడలేదో అర్థం చేసుకోవాలి. ఐదో షెడ్యూల్ 5వ పేరా కింద గవర్నర్ ఒక చట్టాన్ని మన ఏరియాలో వర్తించకుండా ఆపొచ్చు, మార్పులతో వర్తింపజేయొచ్చు. కానీ నోటిఫికేషన్‌తో కొత్త చట్టమే చేసినట్టు చేయడం కుదరదని, ఆ అధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని, నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కోర్టు చెప్పింది. కాబట్టి ఎన్నికలప్పుడు ఎవరైనా మీ ఊరొచ్చి "జీవో 3 మళ్ళీ తెస్తాం" అంటే చప్పట్లు కొట్టకండి. "ఏ చట్టంతో తెస్తరు? రాజ్యాంగంలో ఏ మాట మారుస్తరు?" అని అడగండి. ఇంకో జీవో తెస్తే అది కూడా అదే గోతిలో పడుతుంది.

ఇప్పుడు ఐదో షెడ్యూల్‌నే తెరిచి చూద్దాం. 4వ పేరాలో గిరిజన సలహా మండలి ఉంది. 20 మందికి మించకూడదు, దాదాపు ముప్పావు వంతు మంది ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలి. బాగానే ఉంది. కానీ దాని పనేంది? గవర్నర్ అడిగిన విషయాల మీద సలహా చెప్పడం. అడగకపోతే ఆ విషయం మండలి ముందుకే రాదు. చెప్పిన సలహా వినాలన్న నిబంధనా లేదు.

7వ పేరా చాలామంది చదవరు. తప్పకుండా చదవండి. ఐదో షెడ్యూల్‌లో దేన్నైనా మార్చడానికి, తీసేయడానికి పార్లమెంటులో మామూలు చట్టం చాలు. దాన్ని 368వ అధికరణం కింద రాజ్యాంగ సవరణగా లెక్కించరు. అంటే మూడింట రెండు వంతుల మెజారిటీ అక్కర్లేదు. ఓటింగ్ రోజు సభలో ఉన్నవాళ్ళలో సగం కంటే ఒక్కరు ఎక్కువైతే చాలు. నేను తాళం లేదన్నది ఇందుకే.

అది ఒట్టి భయమే అనుకుంటే ఏడు మండలాల సంగతి చూడండి. 2014 ఏప్రిల్ 30న కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుకునూరు, వేలేరుపాడు జనం తెలంగాణ ఎమ్మెల్యేలకు ఓటేశారు. మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది, జూలైలో పార్లమెంటు చట్టం చేసింది. పోలవరం కోసం ఆ ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. కోయ, కొండరెడ్డి గూడేల్లో గ్రామసభలు పెట్టి మీకు ఇష్టమేనా అని అడగలేదు. రాష్ట్రాల హద్దులు మార్చే 3వ అధికరణంలో గ్రామసభ మాటే లేదు మరి. వాళ్ళు గెలిపించిన ఎమ్మెల్యేలు హైదరాబాద్‌లో కూర్చుంటే, వాళ్ళ మీద పాలన ఇంకో రాష్ట్రానిది. 2019 ఎన్నికల దాకా ఏపీ అసెంబ్లీలో వాళ్ళ ఓటుతో గెలిచిన ఎమ్మెల్యే ఒక్కరూ లేరు. ఊళ్ళు మునిగే ప్రాజెక్టు మీద మాట్లాడాల్సిన ఐదేళ్ళు అవి.

ఇట్లా మన గురించి మనల్ని అడగకుండా తేల్చడం కొత్తది కాదు. జోడేఘాట్ చుట్టూ 12 గూడేల మీద తమ వాళ్ళ అధికారం కావాలని కొమురం భీమ్ అడిగాడు. 1940లో ఆయన్ని చంపేశారు. తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపి నివేదిక రాయించుకుంది, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది. కొందరికి పట్టాలొచ్చాయి, మేలు జరిగింది. కాదనలేం. కానీ భీమ్ అడిగింది అధికారం, ఈ నగరం ఇచ్చింది రక్షణ. రక్షణ ఇచ్చినోడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు.

ఇదే రాజ్యాంగంలో ఇంకో దారి ఉంది. 371-ఏ అధికరణం ప్రకారం భూమి, వనరుల మీద, ఆచార చట్టాల మీద పార్లమెంటు చేసిన చట్టం నాగాలాండ్‌కు తనంతట తాను వర్తించదు. అక్కడి అసెంబ్లీ తీర్మానం చేసి ఒప్పుకోవాలి. మిజోరంకు 371-జీ దాదాపు అదే హక్కు ఇచ్చింది. మిజోరం అసెంబ్లీలో ఉన్నది 40 మందే. అంత చిన్న సభ పార్లమెంటును ఆగమనగలిగితే, ఉట్నూరు, ఏటూరునాగారం, పాడేరు ఎందుకు అనకూడదు?

తాళం లేని హక్కు బాధ మనొక్కరిదే కాదు. న్యూజిలాండ్ పార్లమెంటులో 1867 నుంచి మావోరీలకు ప్రత్యేక స్థానాలున్నాయి. అక్కడి 1993 ఎన్నికల చట్టంలో కొన్ని సెక్షన్లు మార్చాలంటే 75 శాతం ఎంపీలో, రిఫరెండమో కావాలి. మావోరీ స్థానాలకు మాత్రం ఆ కట్టుదిట్టం లేదు. మామూలు మెజారిటీతో తీసేయొచ్చు.

మన పెద్దల్లో కొందరంటారు, ఐదో షెడ్యూల్‌ను కదిలిస్తే ఉన్నది కూడా ఊడుతుందని. ఎన్నో దెబ్బలు తిన్నవాళ్ళ మాట అది, తీసిపారేయొద్దు. కానీ 7వ పేరా ఉన్నంతకాలం ఆ తలుపు తెరిచే ఉంది. మనం నోరు మూసుకుంటే మూసుకునేది కాదు. అందుకే అడగడంలో వరుస ముఖ్యం.

ముందు తాళం: మన రక్షణలు తగ్గించే ఏ మార్పైనా 368 కింద మాత్రమే, అదీ గిరిజన సలహా మండళ్ళ ఆమోదంతో. రెండోది మండలి: గవర్నర్ అడిగే దాకా ఆగకుండా తన ఎజెండా తనే పెట్టుకోవాలి, భూమి, అడవి, ఖనిజం, ఉద్యోగాల మీద చట్టం దాని అంగీకారంతోనే మన ఏరియాకు రావాలి. మూడోది పెసా: 1996 నాటి ఆ చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను "సంప్రదించాలి" అంటుంది. ఆ మాట "ఆమోదం తీసుకోవాలి" అని మారాలి. ఆ చట్టమే ఊరి అభివృద్ధి ప్రణాళికలకు గ్రామసభ ఆమోదం కావాలన్నది. బావి తవ్వడానికి మన ఆమోదం కావాలి గానీ, భూమి గుంజుకోవడానికి సంప్రదింపు చాలా?

గ్రామసభకు అంత తెలివి ఎక్కడిది అనేవాళ్ళకు నియమగిరి చూపించండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఒడిశాలో 12 గ్రామసభలు కూర్చున్నాయి. 12 కూడా బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఆ కొండ ఇంకా అక్కడే ఉంది.

ఇక మన పని. పండక్కి ఊరికి పోయినప్పుడు పెసా గ్రామసభ ఎప్పుడు జరిగిందో, తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గర ఉందో అడగండి. పుస్తకం సెక్రటరీ ఇంట్లో ఉంటే ఊరికి తెప్పించండి. పైన చెప్పిన మూడింటి మీద తీర్మానం రాయించండి. సలహా మండలి చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఏం మాట్లాడింది అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో 12, ఆంధ్రలో 7 ఎస్టీ అసెంబ్లీ స్థానాలున్నాయి. ఆ 19 మందిలో మీ ఎమ్మెల్యేను 7వ పేరా చదివారా అని అడగండి. చదవకపోతే చదివి వినిపించండి.

మావ నాటే మావ రాజ్ అని మనం గోడల మీద రాసుకుంటున్నాం. అది రాజ్యాంగంలో రాసి ఉండాలి, మనల్ని అడగకుండా ఎవడూ చెరపలేకుండా ఉండాలి.

జోహార్ కొమురం భీమ్! జల్, జంగల్, జమీన్ మనవే!