శూన్యమును ఎక్కడ నిలుపవలెను?

చేపల చెరువులలోని నీటి పి.హెచ్. తెల్లవారుజామున తగ్గి, ఎండ ముదిరి నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనిన పిమ్మట సాయంకాలమునకు పెరుగుననుట దెందులూరు మొదలు కైకలూరు వరకు గల ఆక్వా రైతులకెల్లరకును అనుభవైకవేద్యమే. అయితే ఆ విలువను కొలుచు గాజు ఎలక్ట్రోడునందు పుట్టు వోల్టేజి 7 వద్ద శూన్యమై, ఆమ్లము వైపు ధనముగను, క్షారము వైపు ఋణముగను, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కొక్క అంకెకు సుమారు 59 మిల్లీవోల్టుల చొప్పున మారుననుట, మీటరు చేతబట్టి గట్టున తిరుగువారిలో కొందరికే తెలియును. ఇరువైపులకు నూగు ఇట్టి సూక్ష్మసంకేతమును పెంపు చేయు ఆప్-ఆంపునకు, ప్రయోగశాలల సంప్రదాయము ననుసరించి, శూన్యమునకు పైన 12 వోల్టులు, క్రింద 12 వోల్టులు నిచ్చు సరఫరా కావలెను.

ఆ సరఫరాను పాఠ్యగ్రంథములు ధనమునకు 7812, ఋణమునకు 7912 అను రెగ్యులేటర్ల జంటతో కట్టుమనును. అది తప్పు కాదు. వస్తువులను వేలకొలది తయారుచేయు కర్మాగారమునకు అదియే మేలు. కాని విద్యార్థి చేత మొదట కట్టింపవలసినది రెండు 7812లతోనని నా దృఢాభిప్రాయము. ఏలూరున 1989లో నెలకొన్న సర్ సి.ఆర్. రెడ్డి ఇంజినీరింగు కళాశాల మొదలు తాడేపల్లిగూడెమున 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వరకు విద్యాలయములకు కొదువలేని ఈ సీమలో, ఇంతటి చిన్న పనికి ఒక మధ్యాహ్నమును వెచ్చించుట భారము కానేరదు.

ధన రెగ్యులేటరు ఋణ వోల్టేజి నెట్లిచ్చునని శంకింపవచ్చును. 7812 చేయునది ఒక్కటే: తన గ్రౌండు కాలికంటె తన అవుట్‌పుట్ కాలిని 12 వోల్టులు ఎత్తున నిలుపుట. ఆ గ్రౌండు కాలు భూమితో కలిసినదా లేదా అన్న విచారము దానికి లేదు. కావున ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు సరఫరాలను వేర్వేరుగా కట్టి, క్రిందిదాని అవుట్‌పుట్‌ను పైదాని గ్రౌండుతో కలిపి, ఆ కలయికకు శూన్యమని పేరు పెట్టినచో, పైదాని అవుట్‌పుట్ +12గను, క్రిందిదాని గ్రౌండు −12గను తమంతట తామే ఏర్పడును. కొల్లేటివారికి ఇది క్రొత్త పాఠము కాదు. 1999లో అభయారణ్యమునకు ఎల్లగా ప్రకటింపబడిన +5 కాంటూరు సముద్రమట్టమును శూన్యముగా నెంచి లెక్కించినది. ఆ కాంటూరునే శూన్యమనుకొనినచో సరస్సు అడుగంతయు ఋణమైపోవును, నీరు మాత్రము కదలదు.

ఇక్కడ ఒక మెలిక యున్నది. ఈ ప్రయోగమునకు విలువ తెచ్చునది అదియే. బజారున సులభముగా దొరకు 15-0-15 ట్రాన్స్‌ఫార్మరును, ఒకే బ్రిడ్జిని వాడి, నడిమి తీగను శూన్యము చేసినచో ఏమగును? క్రింది రెగ్యులేటరుకు ఇన్‌పుట్ కావలసినది ఆ నడిమి తీగయే. దాని అవుట్‌పుట్‌ను మనము కలుపునదియు ఆ తీగకే. అనగా ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఒక్కటై రెగ్యులేటరు నిరర్థకమగును. −12 కనబడవలసిన చోట మీటరు దాదాపు −20ని చూపును. కావున వేర్వేరు సెకండరీ చుట్టలు రెండు గల ట్రాన్స్‌ఫార్మరైనను, 0-15 రకపు చిన్నవి రెండైనను, వానికి రెండు బ్రిడ్జిలును తప్పనిసరి. ఇది అదనపు వ్యయమే. కాని 7912ను కొని తెచ్చి, దాని కాళ్ల వరుస 7812 వరుస వంటిదేయని భ్రమించి, గ్రౌండు కాలికి ఇన్‌పుట్ తగిలించి పాడుచేయు వ్యయముతో పోల్చి చూడవలెను. 7812కు మొదటి కాలు ఇన్‌పుట్, నడిమిది గ్రౌండు. 7912కు మొదటిది గ్రౌండు, నడిమిది ఇన్‌పుట్.

నేడు ఒంటి సరఫరాతోనే పనిచేయు ఆప్-ఆంపులు వచ్చినవి కదా, ఈ పాత వ్యవహార మెందుకని యువకులు వాదింతురు. నిజమే. అయితే అచ్చటను 5 వోల్టులను సగము చేసి 2.5 వద్ద ఒక కృత్రిమ శూన్యమును కల్పించుకొందురు. శూన్యము మన నిర్ణయమేయని ఎరుగనివాడు అచ్చటను తడబడును.

కట్టువారికి మూడు జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. 15 వోల్టుల ఏ.సి. రెక్టిఫై అయి కండెన్సరుపై సుమారు 20 వోల్టులగును. అర ఆంపియరు తీసినచో ఒక్కొక్క రెగ్యులేటరు నాలుగు వాట్ల వేడిని వెడలగ్రక్కును గనుక హీట్ సింకు తప్పదు. 7812 వీపురేకు దాని గ్రౌండుతో కలిసియుండును. క్రిందిదాని గ్రౌండు −12 కావున, రెండింటిని ఒకే రేకునకు బిగించువారు నడుమ అభ్రకపు పలుచని బిళ్లను వేయక తప్పదు. మరియు సరఫరా పెట్టిన క్షణమున రెండింటిలో ఒకటి ముందు మేల్కొని, లోడు ద్వారా రెండవదానిని తలక్రిందులు చేయు ప్రమాదము కలదు. ప్రతి అవుట్‌పుట్‌కు అడ్డముగా ఒక్కొక్క 1ఎన్4007 డయోడును ఎదురుదిశలో వేసినచో ఆ బెడద తొలగును.

ప్రాక్టికల్ పరీక్షలో ఈ వలయమును కట్టుమని మాత్రమే అడుగుట చాలదు. నడిమి తీగ గల ట్రాన్స్‌ఫార్మరుతో ముందుగానే తప్పుగా కట్టియుంచిన బోర్డును విద్యార్థి యెదుట పెట్టి, −20 ఎందుకు వచ్చినదో చెప్పుమనవలెను. మార్కులలో సగము ఆ సమాధానమునకు కేటాయింపవలెను.