కవర్లు ఏరితే సముద్రం బాగుపడుతుందా?

సెప్టెంబరు మూడో శనివారం దగ్గరపడితే బళ్ళకు పైనుంచి కాగితం వస్తుంది. పిల్లల్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి చెత్త ఏరించండి, ఫొటోలు పంపండి అని. పోయిన సెప్టెంబరులో మేమూ వెళ్ళాం. మా బడి కృష్ణా దిగువన, సముద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. పిల్లలు ఎండలో రెండు గంటలు పాలిథీన్ కవర్లు, తెగిన వలముక్కలు, మందు సీసాలు ఏరారు. తిరిగొస్తుంటే ఉప్పుటేరు గట్టు మీద ఏడో తరగతి పిల్ల ఆగిపోయింది. రొయ్యల చెరువులోంచి ఏట్లోకి వేసిన గొట్టం చూపించి, "మాస్టారూ, ఇది తియ్యొద్దా?" అంది. గొట్టంలోంచి నల్లటి నీళ్ళు నురగలు కక్కుతూ పడుతున్నాయి.

మాస్టర్లం ఒక్కరం నోరు విప్పలేదు. ఆ చెరువు ఎవరిదో అందరికీ తెలుసు. ఆ రోజు పిల్లకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాం.

సముద్రం పల్లెకారులది, మనకేంటి అనుకునేవాళ్ళు మన పేటల్లో చాలామంది ఉన్నారు. భూమ్మీద నూటికి 71 వంతులు సముద్రమే. గాలిలో పుట్టే ప్రాణవాయువులో దాదాపు సగం దాంట్లో పెరిగే కంటికి కనపడని నాచుదే. పెద్ద దేశాల పొగగొట్టాల వల్ల భూమికి ఎక్కిన అదనపు వేడిలో నూటికి 90 వంతులకు పైగా సముద్రమే మింగింది. అలా మింగిన వేడే తుపానులకు బలమిస్తోంది. తుపాను వస్తే ముందు లేచిపోయేది ఎవరి కప్పు?

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెనని మన పెద్దవాళ్ళు ఇంకా మర్చిపోలేదు. సుమారు పదివేల మంది పోయారు. పల్లంలో గుడిసెలున్నవాళ్ళు ఎక్కువ పోయారు, మెరక మీద మేడలున్నవాళ్ళు తక్కువ. మెరక ఎవరిది, పల్లం ఎవరిదో కొత్తగా చెప్పాలా? 1999 అక్టోబరులో ఒడిశా మీద పెనుతుపాను పడింది. తర్వాత కేంద్రపడా జిల్లాలో పరిశోధకులు లెక్కలు తీస్తే, ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా మిగిలిన ఊళ్ళలో చావులు తక్కువని తేలింది. మడ చెట్ల వేళ్ళలోనే రొయ్యపిల్ల, మండపీత, పండుగప్ప పిల్ల పెరుగుతాయి. యానాదులు బతికేది ఆ పీతల మీదే. మడ పోతే వేట పోతుంది, అలకి అడ్డూ పోతుంది.

మడని నరికింది పేదోళ్ళేనని అటవీశాఖ కాగితాల్లో రాసుకుంటారు. నిజమే, పొయ్యిలోకి మనమూ కొట్టాం, ఒప్పుకుంటాం. కానీ మనం తెచ్చింది మోపు కట్టెలు. పొక్లెయిన్ తెచ్చి ఎకరాలకెకరాలు వేళ్ళతో సహా లేపి చెరువు గట్లు పోసింది మనం కాదు.

ఈ సంగతి సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో సాంప్రదాయ సాగు తప్ప రొయ్యల చెరువులు ఉండకూడదు, 1997 మార్చి 31 లోపు కొట్టెయ్యండి అంది. రొయ్యల మీద వచ్చే డబ్బు కంటే వాటివల్ల జరిగే నష్టమే ఎక్కువని నాగపూర్ 'నీరి' సంస్థ ఇచ్చిన నివేదికనీ ఆ తీర్పులో చూపించారు. తర్వాత ఏమైంది? అమలు ఆగింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చి చెరువులకు దారి తీసింది. 2023లో దాన్నీ సవరించారు. కూలోడు గుడిసె వేసుకుంటే ఆక్రమణ అని పీకడానికి ఒక్క పూట చాలుతుంది, చెరువు గట్టు తెంచడానికి మాత్రం ఏ చట్టమూ చాల్లేదు.

మన పేటలోకి ఉప్పు ఎలా వచ్చిందో చెప్తాం. మా పక్కన పల్లంలో డి-పట్టా భూములున్నాయి. మాల, మాదిగ, యానాది కుటుంబాలకి ఎకరమో అరెకరమో. మొదట ఒక మోతుబరి తన సొంత పొలంలో చెరువు తవ్వాడు. ఊట పక్క పొలంలోకి ఎక్కింది. రెండేళ్ళకి ఆ పొలంలో వరి ఎర్రబడి తాలు పోయింది. అప్పుడు అతనే వచ్చి, "ఎలాగూ పండట్లేదు కదరా, లీజుకియ్యి" అన్నాడు. ఇయ్యక ఏం చేస్తారు? అలా ఒకటి వెనక ఒకటి. 1977 నాటి చట్టం అసైన్డ్ భూమిని అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా చెల్లదంది. చట్టం బీరువాలో ఉంది, భూమి ఉప్పునీళ్ళలో ఉంది. 2023లో ఇంకో సవరణ తెచ్చి, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చు అన్నారు. హక్కు ఇచ్చామన్నారు. ఉప్పెక్కిన ఎకరాన్ని కొనేది మళ్ళీ ఆ చెరువు ఆసామి కాక ఇంకెవరు?

ఇప్పుడు పేట బోరింగు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. ఆడవాళ్ళు క్యాన్ నీళ్ళు కొంటున్నారు, కూలి డబ్బుల్లోంచి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువులో నీళ్ళు తాగడానికి వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళారు. మన బోరింగు దగ్గరికి రావొద్దని ఇవాళ ఎవరూ అనడం లేదు. వచ్చినా తాగలేకుండా చేశారు.

"చెరువులు పోతే మీకు కూలి ఎవడిస్తాడు?" అంటారు. మనవాళ్ళలోనూ కొందరు ఇదే అడుగుతున్నారు, వాళ్ళని మేము తప్పుపట్టం. షెడ్డుల్లో రొయ్యలు ఒలిచే ఆడపిల్లలు మన పిల్లలే. కానీ వరి ఉన్నప్పుడు ఊడ్పులు, కలుపు, కోత, నూర్పు అని ఆడా మగా అందరికీ పనుండేది. చెరువుకి ఒక కాపలా మనిషి, మేత చల్లడానికి ఒకడు, పట్టుబడి రోజున పదిమంది. మిగతా పేటంతా వలస.

మరి ఏం చెయ్యాలి? మడ మళ్ళీ పెరగదనుకోవద్దు. 1990 దశకం చివర నుంచి గోదావరి, కృష్ణా దిగువన ఊళ్ళవాళ్ళే కమిటీలు కట్టి, చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీళ్ళని ఎండిన నేలలోకి మళ్ళించి మొక్కలు బతికించారు. సముద్రం లోపలి సంగతి వేటకెళ్ళేవాళ్ళకే బాగా తెలుసు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు పెద్ద మరబోట్లు రాకూడదన్న రూలుంది. ఆ బోట్లు లోపలికొచ్చి వలలు చింపినప్పుడు పల్లెకారుల పక్కన మన పేట నిలబడాలి, మన బోరింగు గొడవకి వాళ్ళు రావాలి. ఈ రెండు పేటలూ ఇంతవరకు ఒక్క అర్జీ మీద సంతకం పెట్టలేదు. ఆ తప్పులో మాకూ భాగముంది.

చెరువుకి రిజిస్ట్రేషను కాగితం ఉందా అని అడగండి. జిల్లాలో కలెక్టరు కిందే దానికి కమిటీ ఉంది. తాగునీటికి కనీసం 100 మీటర్ల దూరం ఉండాలని 2005 చట్టం కింద వచ్చిన నిబంధనల్లో రాశారు. మేము మా బోరింగు నుంచి చెరువు గట్టుకి టేపుతో కొలిచాం. నలభై రెండు మీటర్లు. టేపు రెండో కొస పట్టుకుంది ఆ ఏడో తరగతి పిల్లే. ఆ కొలత, ఒక సీసాడు బోరింగు నీళ్ళు వచ్చే గ్రామసభకి తీసుకెళ్తున్నాం. పల్లెపాలెం నుంచి పదిమంది వస్తామన్నారు. మీ ఊళ్ళో కొలిచి ఎన్ని మీటర్లొచ్చిందో పత్రికకి రాయండి.