గీత ఎక్కడ గీశారు?

డీఎన్ఏ సరిపోయిందంటే కేసు తేలిపోయినట్లే. సినిమాలు, టీవీ వార్తలు, అప్పుడప్పుడు కోర్టులు కూడా మనకు నేర్పిన పాఠమిది. 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు దాన్ని కాస్త తిరగరాసింది. ఢిల్లీలోని ఛావ్లా ప్రాంతంలో 2012 ఫిబ్రవరిలో 19 ఏళ్ల యువతిని అపహరించి, అత్యాచారం చేసి చంపిన కేసది. కింది కోర్టు మరణశిక్ష వేయగా హైకోర్టు ఖరారు చేసిన ముగ్గురినీ విడిచిపెట్టింది. నమూనాలు పది రోజులకు పైగా పోలీసు స్టేషన్ మాల్‌ఖానాలోనే పడి ఉన్నాయని ఎత్తిచూపింది. డీఎన్ఏ నివేదికకు ఆధారమేమిటో, నిపుణుడు పరీక్షను నమ్మదగిన రీతిలో చేశాడో లేదో రెండు కోర్టులూ చూడలేదని తప్పుపట్టింది. తీర్పుపై ఆగ్రహం వెల్లువెత్తింది. ఆ చివరి మాట మాత్రం ఆ హోరులో ఎవరికీ వినిపించలేదు.

ఇంతకీ ఆ పరీక్షలో జరిగేదేమిటి? 1980ల చివర్లో హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ ఈ విద్యకు మన దేశంలో నాంది పలికినప్పుడు అంతా చేతిపనే. జెల్ పలక పోసి, డీఎన్ఏ ముక్కల్ని కరెంటుతో అందులోంచి నడిపించి, రేడియోధార్మిక జాడ తగిలించి, ఎక్స్‌రే ఫిల్మ్‌పై చారల కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. సూత్రం ఇప్పటికీ అదే. డీఎన్ఏది రుణావేశం కాబట్టి ధన ధ్రువం వైపు పరుగెడుతుంది. చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క వెనక. పలక స్థానంలో వెంట్రుకంత సన్నని గాజు గొట్టాలు, జెల్ బదులు పాలిమర్ ద్రవం వచ్చాయంతే. యంత్రం వాటిని తానే నింపుకుని, నమూనాను లాక్కుని, 60 డిగ్రీల వేడిలో 15 వేల వోల్టులతో పరుగెత్తిస్తుంది. లేజర్ వెలుగులో మెరిసే రంగుల్ని కెమెరా పట్టుకుంటుంది. ఒక్క అక్షరం తేడాను కూడా వదలదు. టీహెచ్01 అనే చోట 9.3, 10 అనే రూపాల మధ్య ఉన్న తేడా ఆ ఒక్క అక్షరమే.

అయితే యంత్రానికి పని పురమాయించేది మనిషే. నమూనాను ఎన్ని సెకన్లు లాగాలి? ఎంత వోల్టేజీతో? డీఎన్ఏ చాలకపోతే సెకన్లు పెంచాలనిపిస్తుంది. పెంచితే దాక్కున్న శిఖరాలతో పాటు చెత్త కూడా పైకి లేస్తుంది. ఒక రంగు శిఖరం మరీ ఎత్తయితే పక్క రంగులో దాని దొంగ నీడ పడుతుంది. నకళ్లు తీసేటప్పుడు ఎంజైమ్ తడబడితే అసలు శిఖరం ముందు పిల్ల శిఖరం మొలుస్తుంది. ఇద్దరి రక్తం కలిసిన మరకలో అది రెండో మనిషా, ఎంజైమ్ తడబాటా? అందుకే ప్రతి ల్యాబూ ఒక గీత గీసుకుంటుంది. అది దాటితేనే శిఖరం. 50 యూనిట్ల దగ్గర గీయాలో, 150 దగ్గర గీయాలో తన యంత్రంపై తానే పరీక్షించి తేల్చుకోవాలి. గీత కిందికి దిగితే అమాయకుడు ఇరుక్కోవచ్చు, పైకి జరిగితే దోషి జారుకోవచ్చు. ఏ చిక్కూ లేని తాజా రక్తపు నమూనాకి ఈ బెంగ అక్కర్లేదు. చిక్కంతా కుళ్లిన, కలిసిపోయిన మరకలతోనే. మన కోర్టులకు కీలకమైన కేసుల్లో తరచూ వచ్చేవీ అవే.

ప్రభుత్వ శాస్త్ర నిపుణుడి నివేదికను ఆయన బోనెక్కకుండానే సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు పాత సీఆర్‌పీసీలో ఉంది, 2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. కోర్టు కావాలనుకుంటే పిలవచ్చు. డీఎన్ఏ ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే బోర్డు కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. వ్యక్తుల గోప్యతపై ఆ బిల్లు తెచ్చిన భయాలు నిజమైనవే. ల్యాబ్‌ల నాణ్యత ప్రశ్న కూడా దానితోనే అటకెక్కడం మాత్రం మన దురదృష్టం.

నిజానికి అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎన్ని సెకన్లు, ఎన్ని వోల్టులు, ఎంత వేడి అన్నవన్నీ యంత్రం తన ఫైల్లో రాసిపెట్టే ఉంచుతుంది. ప్రతి దఫా నమూనాలతో పాటు డీఎన్ఏ లేని ఖాళీ గొట్టాన్ని కూడా పరీక్షిస్తారు. అందులో శిఖరం లేచిందంటే ఎక్కడో కల్తీ జరిగినట్టే. ఆ గొట్టంలో ఏం కనిపించిందో నివేదికలో ఒక్క వాక్యం, గీత ఎక్కడ గీశారో ఇంకొకటి, కోర్టు కోరితే ఆ ముడి ఫైలు. ముద్రలు, సంతకాలకే అరపేజీ పోయే నివేదికలో వీటికి చోటు దొరక్కపోదు.