అడిగితే వచ్చే సీరియల్

సాయంత్రం ఏడున్నరకి కుక్కర్ విజిల్, సీరియల్ పాట ఒకేసారి మోగేవి. అశోక్ నగర్‌లో మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇదే తంతు. మీ ఇంట్లోనూ అంతేగా?

2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్ కేబుల్‌కి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరైంది. బొమ్మ తేటపడింది, వేళ మాత్రం మన చేతికి రాలేదు. 2019 ఫిబ్రవరి 1న అమలైన ట్రాయ్ నిబంధనలతో నచ్చిన చానల్‌కే డబ్బు కట్టే వీలొచ్చింది. వేళ సంగతి మళ్లీ మామూలే!

ఎందుకంటే కేబుల్ మన నల్లా నీళ్ల లాంటిది. వదిలినప్పుడే పట్టుకోవాలి. 'ఆన్ డిమాండ్' అలా కాదు. మనం నొక్కిన మీట కబురు సర్వర్‌కి చేరాలి, అక్కణ్ణించి మన ఒక్క ఇంటికే ఆ బొమ్మ విడిగా రావాలి. అంటే తిరుగుదారి ఉండాలి. మామూలు కేబుల్ బాక్సుకి అది లేదు కనక ఇంటర్నెట్ కలపాలి. ఖర్చూ పెరుగుతుంది.

సరే, కలిపాం. ఇప్పుడు సీరియల్ నాకోసం ఆగుతుంది. వంటిల్లు సర్దుకుని పదింటికి కూర్చుంటే రిమోట్ పిల్లల దగ్గర, పాస్‌వర్డ్ మావారి దగ్గర! అడిగితే వచ్చేదాని కోసం ముందు ఇంట్లో అడగాలన్నమాట.

అందుకే నిన్న పాస్‌వర్డ్ అడిగి, పోపుల డబ్బా మూత లోపల రాసుకున్నాను. మీరూ రాసుకోండి.