ఓవర్ స్పీడ్ నోటీసులో తప్పుందా?.. తొందరపడి కట్టేస్తే పోయేది ఫైన్ ఒక్కటే కాదు!

బుక్కరాయసముద్రం: కారేమో తాడిపత్రిలో ఉంది. ఫోన్‌కి మాత్రం విజయవాడ దగ్గర ఓవర్ స్పీడ్ అంటూ చలాన్ వచ్చింది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే.. 'వెయ్యి రూపాయల కోసం ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు' అనుకుని ఫోన్‌లోనే కట్టేస్తారు. కానీ వ్యవహారం అక్కడితో ముగియదు.

కట్టేస్తే ఏమవుతుంది?

ఓవర్ స్పీడ్ నోటీసు కరెంటు బిల్లు కాదు, ఒక ఆరోపణ. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద కార్ల లాంటి తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు, లారీలు, బస్సులకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా ఉంది. రెండోసారి దొరికితే లైసెన్స్‌నే స్వాధీనం చేసుకోవచ్చు. అసలు మెలిక 200వ సెక్షన్‌లో ఉంది. కోర్టుకెళ్లకుండా ఫైన్ కట్టి ముగించుకున్నా సరే, అది 'మొదటి తప్పు' కిందే లెక్క. అంటే చేయని తప్పుకి ఇవాళ డబ్బు కడితే, రేపు నిజంగా ఒక్కసారి స్పీడ్ పెరిగినా అది రెండోది అవుతుంది. కక్కలపల్లి మార్కెట్ నుంచి టమాటా లోడు ఎత్తే డ్రైవర్‌కి, బెంగళూరుకి క్యాబ్ నడిపేవాళ్లకి లైసెన్స్ పోతే పూట గడవదు.

నంబర్ ఎక్కడ తారుమారవుతుంది?

కెమెరా ఫొటో తీస్తుంది, సాఫ్ట్‌వేర్ నంబర్ ప్లేట్ చదువుతుంది. ప్లేట్ మీద దుమ్ము, అరిగిపోయిన అక్షరం, ఫ్యాన్సీ అంకెలు ఉంటే 8 కాస్తా 3 అవుతుంది. పాత బండి అయితే ఏపీ 02 చూడగానే అనంతపురం అని తెలిసిపోయేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ రావడంతో ఆ గుర్తు పోయింది. బీకే సముద్రం కారుకి, విజయవాడ కారుకి మధ్య ఒక్క అక్షరమే తేడా ఉండొచ్చు.

నోటీసులో ఏమేం ఉండాలి?

2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన 167-ఎ నిబంధన ప్రకారం కెమెరా చలాన్‌తో పాటు బండి నంబర్ కనిపించే స్పష్టమైన ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కూడా కావాలి. నోటీసు పంపడానికి 2021 నాటి ఆ నిబంధన 15 రోజుల గడువు పెట్టింది. కెమెరా ఉందని ముందే తెలిపే బోర్డు రోడ్డు మీద ఉండాలి. వేగాన్ని కొలిచే పరికరం లేకుండా, కేవలం ఒక్క సాక్షి 'స్పీడ్‌గా వెళ్లాడు' అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదని 183వ సెక్షనే చెబుతోంది.

అయితే ఊరి పేరులో అక్షరం తప్పు పడిందని చలాన్ కొట్టేస్తారనుకుంటే పొరపాటే. బండి, వేగం, చోటు, సమయం.. వీటిలో తప్పుంటేనే వాదన నిలబడుతుంది. నిజంగా స్పీడ్‌గా వెళ్లినవాళ్లు కట్టేయడమే మంచిది.

జవాబు ఎలా ఇవ్వాలి?

ముందు చలాన్ అసలుదేనా చూసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ తెరిస్తే ఖాతా ఖాళీ అవ్వొచ్చు. మెసేజ్‌లో లింక్ నొక్కకుండా నేరుగా పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో బండి నంబర్ కొట్టి చూడాలి. ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి, ఆర్‌సీతో పోల్చాలి. మోడల్, రంగు వేరైతే అదే మొదటి సాక్ష్యం. ఆ రోజు మరూరు లేదా కాసేపల్లి టోల్ దాటి ఉంటే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో సమయం ఉంటుంది. బండి ఎక్కడుందో చెప్పడానికి అది పనికొస్తుంది కానీ, ఆ క్షణంలో స్పీడ్ ఎంతో చెప్పలేదు. ఇవన్నీ జతచేసి పోర్టల్‌లోని ఫిర్యాదు ఆప్షన్‌లో నాలుగు వాక్యాల్లో రాయాలి. ఫిర్యాదు నంబర్ దాచుకోవాలి. అక్కడ పని జరగకపోతే కోర్టులో వాదించుకునే హక్కు ఉంది. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం పెండింగ్ చలాన్ బండి అమ్మేటప్పుడు అడ్డం పడుతుంది.

అసలు సమస్య ఇదీ

2022లో తెలంగాణ టూ వీలర్లకు 75 శాతం, 2023లో కర్ణాటక 50 శాతం తగ్గింపు ఇచ్చి పాత చలాన్లు వసూలు చేశాయి. దీంతో చలాన్ అంటే తప్పొప్పులు తేలాల్సిన కేసు కాదు, ఎప్పుడో ఒకప్పుడు తీర్చే బాకీ అనే అలవాటు పడింది. కట్టడానికి రెండు నిమిషాలు చాలు. తప్పని నిరూపించుకోవాలంటే ఒక రోజు కూలి పోవచ్చు. తప్పుడు నోటీసులు చెలామణి కావడానికి ఈ తేడానే కారణం. తప్పు పడిందని ఎవరూ రాసివ్వకపోతే, సరిదిద్దాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు.